విజయకుమారి కొన్న ఫిజిక్స్ పుస్తకం

పాలిటెక్నిక్‌లో సీటు వచ్చిందని ఫోన్‌కి మెసేజ్ వచ్చేటప్పటికి విజయకుమారి రొయ్యల కంపెనీ బస్సులో ఉంది. పక్క సీట్లో కూర్చున్న భానుప్రియ ఆ మెసేజ్ తొంగి చూసి, లేచి నిలబడి, బస్సంతటికీ వినబడేలా చెప్పేసింది. ఆడవాళ్లంతా చప్పట్లు కొట్టారు. డ్రైవర్ కూడా హారన్ మోగించాడు. విజయకుమారి అందరితోపాటు నవ్వింది గానీ ఆ నవ్వు ఇల్లు చేరేదాకా నిలవలేదు.

ఆ సీటు ఎలా వచ్చిందో ఆమెకు తెలుసు. ప్రవేశ పరీక్షలో లెక్కలు బాగా చేసింది. కెమిస్ట్రీ గుర్తున్నంత మేరకు రాసింది. ఫిజిక్స్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం సగానికి పైగా ప్రశ్నలకు ఏదో ఒక గుండ్రం దిద్దేసి బయటపడింది. అదృష్టం బాగుండి ర్యాంకు వచ్చింది. కాలేజీలో చేరాక అదృష్టంతో పని జరగదు కదా.

ఆమెకు ఇరవై ఆరేళ్లు. వాళ్లది కోట మండలంలో సముద్రం ఒడ్డున ఉన్న పాళెం. తండ్రి పోలేరయ్య పడవ మీద వేటకు వెళ్లేవాడు. ఆమె పదో తరగతి ఫస్ట్ క్లాసులో పాసయిన ఎండాకాలంలోనే, పడవను ఒడ్డుకు లాగుతుంటే అల తిప్పికొట్టి ఆయన భుజం విరిగింది. తమ్ముడు గణేష్ అప్పటికింకా పిల్లవాడు. రొయ్యల కంపెనీ బస్సు పాళెం మొదటిదాకా వచ్చేది. ఒక్క ఏడాది పనిచేసి మళ్లీ చదువుకుందామని ఆ బస్సెక్కింది. తలకు టోపీ, మూతికి గుడ్డ, చేతులకు గ్లౌజులు పెట్టుకుని ఐసు నీళ్లలో రొయ్యల తలలు తీయడంతో మొదలుపెట్టి, రొయ్యల్ని సైజుల వారీగా వేరుచేసే గ్రేడింగ్ బల్ల దగ్గరికి చేరింది. ఏడాదీ ఏడాదీ కలిసి పదేళ్లయింది.

గణేష్ చేతికి అందివచ్చి పడవెక్కాక ఇంట్లో కాస్త ఊపిరి ఆడింది. ఆ రోజుల్లోనే కంపెనీ వాళ్లు ఫ్రీజర్లు నడిపే ప్యానెల్ రూములో మనుషులు కావాలని నోటీసు అంటించారు. ఆమె వెళ్లి అడిగింది. "డిప్లొమా ఉండాలమ్మా" అన్నారు. పాలిటెక్నిక్‌లో చేరడానికి వయసు అడ్డం కాదని భానుప్రియ ఎక్కడో కనుక్కుని వచ్చి చెప్పింది. పరీక్ష రాయమని వెంటపడింది కూడా ఆమే.

కాలేజీ తెరవడానికి ఇంకా రెండు నెలలుంది. ఈలోపు ఫిజిక్స్ ఒక్కటి దారికి తెచ్చుకోవాలని విజయకుమారి నిశ్చయించుకుంది. ఏం చదవాలో, ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం తెలియలేదు.

ముందుగా సుశీల్ కుమార్ దగ్గరికి వెళ్లింది. వరసకు తమ్ముడవుతాడు. పాళెంలో ఇంజనీరింగ్ దాకా వెళ్లిన కుర్రాడు అతనొక్కడే. నెల్లూరులో పెద్ద కార్పొరేట్ కాలేజీలో ఇంటర్ చదివాడు. ఆమె అడిగీ అడగకముందే అటక మీద నుంచి పుస్తకాల కట్ట దించి దుమ్ము దులిపాడు.

"ఇయన్నీ నా ఇంటర్ మెటీరియల్ అక్కా. ఇయి చదివితే నీకు పాలిటెక్నిక్ ఫిజిక్స్ మంచినీళ్ల ప్రాయం."

ఆ కట్ట మోసుకుని వస్తుంటే విజయకుమారికి సగం చదువు వచ్చేసినట్టే అనిపించింది. మర్నాడు తెల్లవారుజామున బస్సు రాకముందు మొదటి పుస్తకం తెరిచింది. అంతా ఇంగ్లీషు. ఒక్కో మాటకు ఫోన్‌లో అర్థం వెతుక్కుంటూ పోతే, మాటలకు అర్థాలు తెలిశాయి గానీ వాక్యానికి తెలియలేదు. సూత్రం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పకుండానే దాని మీద లెక్కలు వరసగా ఇచ్చేశారు. వారం గడిచినా మూడో పేజీ దాటలేదు.

"పదేళ్లు రొయ్యలు ఒలిచిన బుర్రలోకి ఇది ఎక్కదులే భానూ" అంది బస్సులో.

"పుస్తకం ఎక్కకపోతే ఫోన్‌లో చూడు. మా ఆడబిడ్డ కొడుకు ఫోన్ చూసే అన్నీ నేర్చుకుంటుండాడు."

ఆ మాట పట్టుకుని భోజనాల గంటలో వీడియోలు చూడడం మొదలుపెట్టింది. తెలుగులో చెప్పే ఒక మాస్టారు దొరికాడు. రంగురంగుల బోర్డు మీద బొమ్మలు గీస్తూ, నవ్వుతూ, నవ్విస్తూ చెప్పాడు. గమనం అయిపోయింది. బలం అయిపోయింది. పని, శక్తి కూడా అయిపోయాయి. ప్రతి వీడియో చివరా "అర్థమైంది కదా?" అని ఆయన అడిగినప్పుడల్లా ఆమె తల ఊపింది. నిజంగానే అర్థమైంది మరి. ఇంత తేలిక అయినదానికా నేనింత భయపడింది అనుకుంది.

ఒకరోజు తిరుగు బస్సులో భానుప్రియ ఊరికే అడిగింది. "ఇందాక ఆయన త్వరణం త్వరణం అంటుండాడు. అంటే ఏందక్కా? నాకూ చెప్పు."

"త్వరణం అంటే... వేగం. వేగం ఎక్కువైతే దాన్ని త్వరణం అంటారు."

"వేగం ఎక్కువైతే ఎక్కువ వేగం అంటారు గదా. దానికి ఇంకో పేరెందుకు?"

మాస్టారు గీసిన బొమ్మ కళ్ల ముందుంది. ఆయన నవ్వూ గుర్తుంది. చెప్పిన సంగతే చేతికి అందలేదు. భానుప్రియ కిటికీ వైపు తిరిగి వేరే కబుర్లలో పడిపోయింది. విజయకుమారి మాత్రం పాళెం వచ్చేదాకా ఆ ఒక్క ప్రశ్నే నలుపుకుంటూ కూర్చుంది.

ఆ ఆదివారం కోటలో రెబెక్కమ్మ టీచర్ ఇంటికి వెళ్లింది. హైస్కూల్లో ఆమెకు సైన్సు చెప్పింది ఆవిడే. ఇప్పుడు రిటైరయింది. ప్రార్థన ముగించుకుని అప్పుడే ఇల్లు చేరిన రెబెక్కమ్మ, కళ్లజోడు సర్దుకుని వాకిట్లో మనిషిని గుర్తుపట్టడానికి కాస్త సమయం తీసుకుంది.

"పోలేరయ్య కూతురివి గదూ? ఘర్షణ పాఠం అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పేదానివి."

విజయకుమారికి సంతోషం వేసింది. సంగతంతా చెప్పింది. రెబెక్కమ్మ విని, "ఏదీ, ఘర్షణ అంటే ఏందో చెప్పు" అంది.

ఆశ్చర్యం! పదేళ్ల కిందటి నిర్వచనం ముక్క కూడా తప్పకుండా వచ్చేసింది.

"బాగుండాది. ఇప్పుడు పుస్తకం మాటలు వద్దు. నీ మాటల్లో చెప్పు."

విజయకుమారి మళ్లీ పుస్తకం మాటలతోనే మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది.

రెబెక్కమ్మ ఆమె సంచిలోంచి సుశీల్ కుమార్ పుస్తకం తీసి అటూ ఇటూ తిప్పింది. "ఇది పాఠం చెప్పే పుస్తకం కాదు పాపా. పాఠం ముందే వచ్చినోళ్లకి లెక్క తొందరగా చేసేది ఎట్టాగో నేర్పుద్ది. నీకు దీంతో ఇప్పుడు పనిలేదు. ఇక ఆ వీడియోలంటావా, చూడు, తప్పులేదు. కానీ చూసేటప్పుడు లెక్క చేసేది ఆయన. నువ్వు చేయలా."

"మరి ఏ పుస్తకం కొనమంటారు టీచర్? పేరు చెప్పండి."

"పేరు చెబితే కొనుక్కొచ్చి దాన్ని కూడా అప్పజెబుతావు. నువ్వే చూసి తీసుకో. కొట్టులో పుస్తకం తెరువు. వాళ్లు చేసి చూపించిన లెక్క ఒకటి చదువు. మూసేసి, అదే లెక్క కాగితం మీద నువ్వు చెయ్. చదవతా ఉండగానే ఏమీ అర్థం కాకపోతే ఆ పుస్తకం తర్వాత చూసుకుందువు గాని. చదవకముందే చేయగలిగితే దాంతో నీకు పని తీరిపోయినట్టే. తడుముకునైనా చేయగలిగితే అది కొను." రెబెక్కమ్మ పుస్తకం తిరిగి ఇస్తూ, "నన్నడిగితే ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి పుస్తకాలు కూడా చూడు. సిగ్గుపడబాక" అంది.

సిగ్గుపడవద్దన్నాకే విజయకుమారికి సిగ్గు ముంచుకొచ్చింది. డిప్లొమాలో చేరబోయే మనిషిని తొమ్మిదో తరగతికి పొమ్మంటుందేమిటి? మంచినీళ్లు తాగి, దండం పెట్టి వచ్చేసింది. నాలుగైదు రోజులు ఏ పుస్తకమూ ముట్టలేదు. ఫోన్‌లో మాస్టారిని కూడా తెరవలేదు. గ్రేడింగ్ బల్ల మీద చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే, సీటు వదులుకుంటే ఏమవుతుందని కూడా ఒకసారి ఆలోచించింది. ఏమీ కాదు. కంపెనీ బస్సు రేపూ వస్తుంది. ఆ తర్వాత కూడా వస్తుంది. ఆ ఆలోచనే ఆమెను నెల్లూరు బస్సెక్కించింది.

నెల్లూరులో పాత పుస్తకాలు అమ్మే కొట్లలో రంగనాయకులుది ఒకటి. ఇరుకు గది. నేల మీంచి పైకప్పు దాకా పుస్తకాలు. ఆయన ఆమెను పైకీ కిందికీ చూసి, "పిల్లలకా అమ్మా? ఏ తరగతి?" అన్నాడు.

"నాకే. ఫిజిక్స్ కావాల."

ఆయన వెంటనే ఒక గైడు తీసి చేతిలో పెట్టాడు. "ఇది తీసుకోండి. ప్రశ్న ఉంటది, కిందనే జవాబు ఉంటది. ఇంకేం వెతుక్కోబళ్లా. అందరూ ఇదే తీసకపోతారు."

విజయకుమారి తెరిచింది. నిజంగానే చాలా హాయిగా ఉంది. ప్రశ్న, కింద జవాబు, ముఖ్యమైన మాటల కింద గీతలు. ఒక జవాబు చదివి ముగించేసరికి అది దాదాపు నోటికి వచ్చేసింది కూడా. అక్కడ ఆమె ఆగిపోయింది. పదో తరగతిలో చేసింది సరిగ్గా ఇదే. గైడు మూసి పక్కన పెట్టింది. పెట్టడానికి మనసు ఒప్పలేదు, అయినా పెట్టింది.

సంచిలోంచి తెల్లకాగితాలు, పెన్ను తీసి, పుస్తకాల దొంతర మీదే కాగితం పరిచింది.

"ఇదేందమ్మా, పరీక్ష రాస్తుండారా?" అన్నాడు రంగనాయకులు.

"నేను కాదన్నా. పుస్తకాలకి పెడుతుండా పరీక్ష."

ఆయనకు అర్థం కాలేదు గానీ బేరం లేని వేళ కాబట్టి అభ్యంతరం చెప్పలేదు. పైగా ఒక స్టూలు జరిపాడు. ఇంటర్ పుస్తకం తీసింది. లెక్క చదువుతుండగానే దారి తప్పింది. ఇంకొకరు రాసినది తీసింది. అదీ అంతే. డిప్లొమా మొదటి సంవత్సరం పుస్తకం, అట్ట చిరిగినది, ఒకటి దొరికింది. అందులో కొలతలు, ప్రమాణాల పాఠంలో చేసి చూపించిన లెక్క చదివి, మూసి, రాసింది. రెండుసార్లు తప్పింది. మూడోసారి వచ్చింది. దాన్ని విడిగా పెట్టుకుంది.

అటూ ఇటూ చూసి, చివరికి దొంగతనం చేస్తున్నట్టు గొంతు తగ్గించి, "తొమ్మిదో తరగతి గవర్నమెంటు పుస్తకం ఉండాదా?" అని అడిగింది.

రంగనాయకులు మూలన ఉన్న దొంతరలోంచి లాగాడు. తెరిస్తే ఎడమ పేజీలో తెలుగు, కుడి పేజీలో అదే పాఠం ఇంగ్లీషులో. తను చదివిన రోజుల్లో ఇలా లేదు. త్వరణం ఉన్న పేజీ వెతికింది. నిలకడగా ఉన్న బస్సు బయలుదేరి పది సెకన్లలో సెకనుకు ఇరవై మీటర్ల వేగం అందుకుంది, త్వరణం ఎంత? తెలుగులో చదివింది. పక్క పేజీలో ఇంగ్లీషులో చదివింది. మూసి కాగితం మీద చేసింది. ఒక్కో సెకను గడిచేకొద్దీ వేగం సెకనుకు రెండు మీటర్ల చొప్పున పెరుగుతోంది. రెండు. పుస్తకం తెరిస్తే అక్కడా రెండే. వేగం ఎంతన్నది కాదు, వేగం ఎంత తొందరగా మారుతోందన్నది. భానుప్రియ అడిగినప్పుడు చెప్పలేకపోయిన మాట అదే.

ఆ రెండు పుస్తకాలే కొన్నది. ముందు తొమ్మిదో తరగతిది, అది అయ్యాక చిరిగిన అట్టది.

ఇంట్లో పోలేరయ్య అరుగు మీద వల చిక్కులు తీసుకుంటున్నాడు. చేతిలో పుస్తకం అట్ట చూసి, "పై చదువుకి పోతానంటివి. తొమ్మిదో తరగతికి పోతుండావేంది?" అన్నాడు.

"తొమ్మిదో తరగతిలో ఒకటి మర్చిపోయి వచ్చినా నాయనా. తెచ్చుకోను పోతుండా" అని లోపలికి వెళ్లింది. ఆయన నవ్వుకున్నాడు.

రోజూ కంపెనీ బస్సు రాకముందు ఒక పాఠం ముక్క, ఒక లెక్క. అంతకు మించి పెట్టుకోలేదు. బాగానే సాగుతుండగా గమన నియమాల దగ్గర పుస్తకంతో తగాదా వచ్చింది. బయటి నుంచి ఏ బలమూ పనిచేయకపోతే కదులుతున్న వస్తువు అదే వేగంతో తిన్నగా కదులుతూనే ఉంటుందని రాశారు. బడిలో ఈ వాక్యాన్ని ఎన్నిసార్లు అప్పజెప్పిందో లెక్కలేదు. ఇప్పుడు చదివితే నమ్మబుద్ధి కాలేదు.

"నాయనా, ఇంజను ఆపేస్తే పడవ పోతానే ఉంటదా?"

"కొంచెం దూరం పోయి నిలబడద్ది. పోతానే ఉంటే ఇంక డీజిలెందుకు?"

అదీ నిజమే. విజయకుమారి పెన్సిలుతో ఆ వాక్యం పక్కన 'అబద్ధం' అని రాసి, రెబెక్కమ్మకు ఫోన్ చేసింది.

అవతల టీచర్ గట్టిగా నవ్వింది. "ఇప్పుడు చదవతా ఉండావు నువ్వు. జవాబు నేను చెప్పను. పడవ నిలబడింది గదా. ఎందుకు నిలబడిందో చూడు."

జవాబు కంపెనీలోనే దొరికింది. గడ్డకట్టిన రొయ్యల దిమ్మెలు ప్యాకింగ్ హాల్లో తడి స్టీలు బల్ల మీద ఈ చివర నుంచి ఆ చివరకు తోస్తారు. ఎన్నేళ్లుగానో చూస్తున్న పనే; మనుషులు తక్కువైనప్పుడు ఆమెనూ అక్కడ నిలబెడతారు. ఆ రోజు దిమ్మె ఒకటి, వేలితో తోసినంత మాత్రానికే, సర్రున జారి అవతలి చివర నిలబడ్డ ఆమె పొట్టకు తగిలింది. అంతలోనే ఇంకొకటి బల్ల దాటి కింద పడి, గరుకు సిమెంటు నేల మీద జానెడు దూరం ఈడ్చుకుని ఆగిపోయింది. విజయకుమారి రెండింటినీ మార్చి మార్చి చూసింది. దిమ్మె ఒకటే రకం. దాన్ని ఆపింది నేల. బల్ల అంతగా ఆపలేదు. బల్ల ఇంకా నున్నగా, ఇంకా పొడవుగా ఉంటే? అసలు ఆపేదే ఏదీ లేకపోతే? పడవను నిలబెట్టేది నీళ్లు. ఇంజను ఆపడం వల్ల పడవ నిలబడడం లేదు, నీళ్లు అడ్డం పడడం వల్ల నిలబడుతోంది. ఇంజను ఉన్నంతసేపూ ఆ అడ్డంతోనే పెనుగులాడుతోంది.

"ఏమే, దిమ్మె తీస్తావా, దానికి దండం పెడతావా?" అని సూపర్‌వైజర్ కేకేసేదాకా ఆమె కదల్లేదు.

మర్నాడు ఉదయం 'అబద్ధం' అన్న మాటను రబ్బరుతో తుడిచేసింది. ఘర్షణ అంటే ఏమిటో తన మాటల్లో నాలుగు వాక్యాలు రాసుకుంది.

సుశీల్ కుమార్ కట్ట తిరిగి ఇచ్చేటప్పుడు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "ఇయి నాకు అర్థం కాలా తమ్ముడూ. తొమ్మిదో తరగతి చదువుకుంటుండా" అంది.

అతను నవ్వుతాడనుకుంది. నవ్వలేదు. "నాకు మాత్రం అర్థమయినాయా అక్కా? మొదటి ఆరు నెలలు హాస్టల్లో ఏడ్చినా. ఎవరికీ చెప్పలా" అన్నాడు.

కాలేజీ తెరిచేనాటికి తొమ్మిదో తరగతి పుస్తకం పూర్తయింది. చిరిగిన అట్ట పుస్తకంలో రెండు పాఠాలే అయ్యాయి. సదిశలు, అంటే వెక్టర్ల దగ్గర ఆగిపోయింది. విజయకుమారి కంపెనీ కార్డు అప్పగించి, పెట్టె సర్దుకుని నెల్లూరులో కాలేజీ హాస్టల్‌కి వెళ్లింది.

మొదటిరోజు ఫిజిక్స్ క్లాసుకు వచ్చిన పద్మనాభయ్య సారు, మూడో బెంచీలో కూర్చున్న ఆమెను చూసి, "పిల్లల్ని దిగబెట్టడానికి వచ్చినవాళ్లు బయట కూర్చోవాలమ్మా" అన్నాడు మర్యాదగా.

"ఇక్కడ చదివే పిల్లని నేనే సార్" అంది లేచి నిలబడి.

క్లాసంతా గొల్లుమంది. సారు చెవులు ఎర్రబడ్డాయి. పాఠం మొదలయ్యాక మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. అంతా ఇంగ్లీషులో గడగడా సాగిపోయింది. విజయకుమారికి సగం అందింది, సగం అందలేదు. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటున్నారు. ఆమెకు మాత్రం 'యాక్సిలరేషన్', 'ఫ్రిక్షన్' అన్న మాటలు వినబడ్డప్పుడల్లా కుడి పేజీ కళ్లకు కట్టింది, దాని వెంటే ఎడమ పేజీ కూడా. అందని సగం ఎక్కడ అందలేదో గుర్తుపెట్టుకుని, క్లాసయ్యాక సారు దగ్గరికి వెళ్లి అడిగింది. ఆయన సదిశల గురించి బోర్డు దగ్గరే నిలబడి మళ్లీ చెప్పాడు.

మొదటి యూనిట్ టెస్ట్‌లో ఆమెకు ఫిజిక్స్‌లో మధ్యస్థంగా మార్కులు వచ్చాయి. తనకంటే ఎక్కువ వచ్చినవాళ్లు క్లాసులో చాలామందే ఉన్నారు. కానీ ఒక్క ప్రశ్నకూ గుడ్డిగా రాయలేదు. తప్పు చేసిన లెక్కలు ఎక్కడ తప్పాయో కూడా ఆమెకు తెలిసింది. ఆ సాయంత్రం భానుప్రియకు ఫోన్ చేసి ఆ సంగతే చెబితే, "మార్కులెన్నో చెప్పక్కా ముందు" అని విసుక్కుంది.

సంవత్సరాంతంలో ఫిజిక్స్ గట్టెక్కింది. ఇంజనీరింగ్ డ్రాయింగ్ మాత్రం తప్పింది. దానికి ఏ పుస్తకమూ కలిసిరాలేదు. ఆమె గదిలో ఉండే పదహారేళ్ల పిల్ల ఒకతి స్కేలు పట్టుకోవడం దగ్గర నుంచి చూపించి నేర్పింది. రెండోసారి రాసి అది కూడా పాసయింది. ఇప్పుడు రెండో సంవత్సరంలో ఉంది. సర్క్యూట్ల పాఠం కష్టంగా ఉందని, వచ్చే సెలవుల్లో పాళెం వెళ్లకుండా హాస్టల్లోనే ఉండి చదువుకుంటానని ఇంటికి చెప్పింది. పోలేరయ్య సరేనన్నాడు గానీ, ఆమె తినే ఎండుచేపల పొట్లం ఎవరితోనైనా పంపడానికి ఆ వారమంతా కోట బస్టాండులో నెల్లూరు పోయేవాళ్లను అడుగుతూనే ఉన్నాడు.